పామును తాడని పిలిచే ఊళ్లో

చీకటి పడ్డాక ఉమువోఫియాలో పామును పాము అనరు. పేరు పెట్టి పిలిస్తే దానికి వినబడుతుందని భయం. అందుకని 'తాడు' అంటారు. చినువా అచెబె నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్' రెండో అధ్యాయంలో ఈ ముక్క ఇలా వచ్చి అలా వెళ్లిపోతుంది. మొదటిసారి చదివినప్పుడు నేను అక్కడే ఆగిపోయాను. మా అమ్మమ్మ కూడా రాత్రిపూట పాము అననిచ్చేది కాదు, 'పురుగు' అనమనేది. ఎవరినైనా పాము కరిస్తే 'పురుగు ముట్టింది' అనేవాళ్లు. మన వేదాంతులేమో తాడును చూసి పామనుకోవడం గురించి వందల ఏళ్లుగా వాదించుకున్నారు. ఆఫ్రికాలో ఒక పల్లె పామును చూసి తాడంటోంది.

నేనా పుస్తకం చదివింది పరీక్ష కోసం. గైడులో 'సంస్కృతుల సంఘర్షణ' అనే హెడ్డింగ్ కింద నాలుగు పాయింట్లున్నాయి, వాటిని బట్టీ పట్టి రాస్తే మార్కులొచ్చాయి. పాము సంగతి ఆ నాలుగింట్లో లేదు. తరవాతెప్పుడో తీరిగ్గా మళ్లీ చదివితే అర్థమైంది, పుస్తకమంతా ఆ పాము సంగతిలోనే ఉందని.

ఈ నవల గురించి ఎవరినడిగినా "ఇగ్బోల సంప్రదాయ జీవితాన్ని కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది" అంటారు. నిజమే, కానీ కట్టడం ఎలా జరిగింది? పండగలు, పెళ్లిళ్లు, పూజలు వరసపెట్టి వర్ణించుకుంటూ పోతే అది పర్యాటక శాఖవాళ్ల పుస్తకం అయ్యేది. అచెబె మనల్ని చూసిపోవడానికి వచ్చినవాళ్లలా కాకుండా కాపురానికి వచ్చినవాళ్లలా చూశాడు. కొత్త కోడలికి అత్తగారింట్లో ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పరు. ఏ గిన్నె ముట్టుకోకూడదో, ఏ రోజు ఏది వండకూడదో, ఎవరి ముందు ఏ మాట అనకూడదో చూస్తూ చూస్తూ తెలుసుకుంటుంది. కొన్ని తప్పు చేశాకే తెలుస్తాయి. ఉమువోఫియాలో మన పరిస్థితి అదే.

రోడ్డుకు ఇవతల, అవతల

నైజీరియా ఆగ్నేయ ప్రాంతం ఇగ్బోల నేల. 1930లో పుట్టిన అచెబె అక్కడ ఒనిత్షా అనే పెద్ద సంత పట్నానికి దగ్గర్లోని ఒగిడిలో పెరిగాడు. తండ్రి చర్చి మిషనరీ సొసైటీలో మత బోధకుడు. అంటే ఈ రచయిత మనం అనుకున్నట్టు పాత ఆచారాల మధ్య పుట్టి పెరిగినవాడు కాదు. క్రైస్తవ కుటుంబం వాడు. వాళ్ల ఊళ్లో జనం రెండు రకాలు: చర్చివాళ్లు, మిగతావాళ్లు. ఆ మిగతావాళ్లను చర్చివాళ్లు ఏమీ లేనివాళ్లన్నట్టు మాట్లాడేవారట. పిల్లవాడు మాత్రం పండగ రోజుల్లో చెల్లెలితో కలిసి వాళ్ల ఇళ్లకు వెళ్లి భోంచేసి వచ్చేవాడు. వాళ్ల అన్నంలో, కూరలో విగ్రహారాధన రుచి తనకెప్పుడూ తగల్లేదని పెద్దయ్యాక ఒక వ్యాసంలో రాసుకున్నాడు.

ఈ దూరం నష్టం కాలేదని, బొమ్మ సరిగా కనబడ్డానికి చూసేవాడు ఒకడుగు వెనక్కు వేసినట్టయిందని కూడా ఆయనే అన్నాడు. నవలలో వివరాలు అంత శుభ్రంగా పడటానికి కారణం ఇదేనని నా అనుమానం. పూర్తిగా లోపలున్నవాడికి పామును తాడనడం రాయాల్సిన విషయంగానే తోచదు. పూర్తిగా బయటివాడికి తెలియనే తెలియదు.

ఇంకో కారణం కోపం. ఇబాదాన్ యూనివర్సిటీ కాలేజీలో చదివేటప్పుడు జాయిస్ కేరీ 1939లో రాసిన 'మిస్టర్ జాన్సన్' వాళ్లకు పాఠ్యపుస్తకం. నైజీరియా గురించి తెల్లవాడు రాసిన నవల, ఇంగ్లండులో మంచి పేరున్నది. అందులో తనకు నచ్చిన ఘట్టమంటూ ఉంటే హీరో జాన్సన్ తుపాకీ దెబ్బకు చచ్చిపోయే ఘట్టమొక్కటేనని క్లాసులో ఒక కుర్రాడు లేచి చెప్పాడట. తమ ఇంటి కథ వేరేవాళ్లు చెబితే ఎలా ఉంటుందో ఆ క్లాసుకు అప్పుడు తెలిసొచ్చింది. అచెబె సమాధానం 1958లో లండన్‌లో హైనమన్ సంస్థ ద్వారా అచ్చయింది. మొదట వేసింది 2,000 ప్రతులే. తరవాత అది యాభైకి పైగా భాషల్లోకి వెళ్లింది.

కోలా ఎవరు పగలగొట్టాలి?

మొదటి అధ్యాయంలోనే మనం ఒక ఇంటికి వెళ్తాం. కథానాయకుడు ఒకొంక్వో తండ్రి ఉనోకా ఇల్లు. పిల్లనగ్రోవి వాయించడం, కల్లు తాగడం, అప్పులు చేయడం తప్ప మరేమీ చేతకాని మనిషి. పొరుగాయన ఒకోయే వచ్చాడు. ఉనోకా లోపలికెళ్లి చిన్న చెక్క పళ్లెంలో కోలా గింజ, మిరియాల్లాంటి ఘాటు గింజలు, ఒక సుద్దముద్ద తెచ్చాడు. (మనం తాగే కూల్‌డ్రింకు పేరులోని కోలా ఈ గింజదే.) కోలా తెచ్చినవాడు ప్రాణం తెచ్చినట్టంటాడు వచ్చినాయన. దాన్ని పగలగొట్టే గౌరవం నీదంటే నీదని ఇద్దరూ కాసేపు వాదించుకుంటారు. చివరికి ఉనోకా పగలగొట్టి, పితృదేవతలకు దణ్ణం పెట్టుకుంటాడు. ఈలోగా ఒకోయే సుద్దతో నేలమీద గీతలు గీసి, కాలి బొటనవేలికి రాసుకుంటాడు.

ఆ గీతలెందుకో, బొటనవేలికి సుద్దెందుకో నవల చెప్పదు. మనం అడగడానికీ లేదు. తిన్నారు, తాగారు, వానల గురించీ పండగ గురించీ మాట్లాడుకున్నారు. అప్పుడు ఒకోయే అరడజను సామెతలు వరసగా వదిలాడు. అంతా అయ్యాక తేలిందేమిటంటే, ఆయన వచ్చింది 200 గవ్వల బాకీ వసూలుకి! ఉనోకా పడీ పడీ నవ్వి గోడ చూపిస్తాడు. గోడమీద సుద్ద గీతలు, గుంపులు గుంపులుగా. ఒక్కో గుంపు ఒక్కొక్కరికి తనిచ్చుకోవాల్సిన బాకీ. పెద్ద బాకీలు ముందు తీర్చాలి కదా అంటాడు, దానికీ ఒక సామెత జోడించి.

సామెతలనే తాటినూనెతో మాటల్ని తింటారు ఇగ్బోలు, అని ఈ ఘట్టంలోనే వస్తుంది. ఇక్కడ తాటి అంటే మన తాటిచెట్టు కాదు, ఆయిల్‌పామ్. వాళ్ల వంటల్లో అది లేకుండా ముద్ద దిగదు. మనవాళ్లూ సామెత లేని మాటను ఆమెత లేని ఇంటితో పోల్చారు. ఆమెత అంటే విందు. రెండు జాతులూ మాట రుచి గురించి చెప్పడానికి నేరుగా వంటింటికే వెళ్లాయి.

ఒక్క సన్నివేశంలో మర్యాద, మతం, అప్పు, హాస్యం, మాట్లాడే తీరు అన్నీ దిగిపోయాయి. 'ఇగ్బోల అతిథి మర్యాద' అనే శీర్షిక ఎక్కడా లేదు. బాకీ వసూలవుతుందా లేదా అని మనం చూస్తుంటే సంస్కృతి పక్క వాకిట్లోంచి లోపలికొచ్చి కూర్చుంది.

క్యాలెండర్ లేదు, కేక ఉంది

నవలలో ఎక్కడా సంవత్సరం అంకె కనబడదు. వారానికి నాలుగే రోజులు: ఎకె, ఒయె, ఆఫో, న్‌క్వో. నాలుగూ సంతల పేర్లే. 'ఒకొంక్వో' అనే పేరులోనే న్‌క్వో నాడు పుట్టిన మగబిడ్డ అనే అర్థముంది. ఎప్పుడు జరిగిందంటే ఫలానా కరువేడు అనో, కోతలకూ నాట్లకూ మధ్య తీరిక కాలంలో అనో, మూడు సంతల కిందట అనో చెబుతారు. కొన్ని పేజీలు నడిచేసరికి ఇది ఇంగ్లీషు లెక్కలో ఎన్నో సంవత్సరం అని అడగడం మనమే మానేస్తాం. పాఠకుడి చేతి గడియారం విప్పించడమంటే ఇదే.

చెవుల సంగతీ అంతే. రాత్రి చాటింపువాడి గంట 'గోమె గోమె' అంటుంది. చావు కబురు డోలు మీద వస్తుంది, ఆ దరువును నవల అక్షరాల్లో రాసి చూపిస్తుంది. బయటినుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే 'ఆఁ' అని పలకరు, "నన్నేనా?" అంటారు. పిలిచింది దయ్యమైతే దానికి 'ఆఁ' అన్నట్టవుతుందని.

తిండి విషయంలో తెలుగు పాఠకుడికి ఒక ఇబ్బంది ఉంది. నవలలో పంటలకు రాజు యామ్, అది మగవాళ్ల పంట. మన పెండలానికి దగ్గర చుట్టం. ఎవడి గాదెలో ఎంత పెండలముంటే వాడంత మొగాడు. చేమ, చిక్కుళ్లు, కసావా ఆడవాళ్ల పంటలు. కసావాను మనం కర్రపెండలం అంటాం. తెలుగులో అనుకుంటే మగపంట, ఆడపంట రెండూ పెండలాలే! ఒకొంక్వోకి తెలిస్తే కత్తి పట్టుకొచ్చేవాడు. వాళ్ల నాన్న దగ్గర విత్తనానికి కూడా గాదె లేదు. అందుకే న్వాకిబియే అనే ఆసామి దగ్గరకు కోడిపుంజు, కల్లుకుండతో వెళ్లి విత్తనం అడుగుతాడు. ఆయన రెండు నాలుగొందలు ఇస్తాడు. 'ఎనిమిది వందలు' అని రాసినా అర్థమయ్యేదే, కానీ ఇగ్బో లెక్క నాలుగొందల కట్టల్లో నడుస్తుంది. ఆ ఏడే ఎన్నడూ లేని కరువొస్తుంది. అంతా పోతుంది.

మిడతల ఘట్టం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆకాశం నల్లబడి మిడతల దండు దిగుతుంటే మనకు గుండె ఝల్లుమంటుంది, పంట పోయినట్టేనని. ఉమువోఫియా జనం మాత్రం సంబరపడిపోతారు. వాళ్లకవి మంచి తిండి. రాత్రి మంచుకు రెక్కలు తడిసి ఎగరలేకపోతే ఏరుకొచ్చి, వేయించి, ఎండబెట్టి, నూనెతో తింటారు. తరవాత ఎప్పుడో తెల్లవాళ్ల గురించి దైవవాక్కు అడిగితే వాళ్లు మిడతలనీ, మొదట వచ్చినవాడు దారి చూడ్డానికి వచ్చినవాడనీ చెబుతుంది. మిడతలను చూసి ఆ జనంతో పాటు సంబరపడ్డ పాఠకుడికి ఆ మాట ఒకరకంగా వినబడుతుంది. ఆ రోజు వాళ్లతో లేనివాడికి ఇంకోరకంగా.

గీత ఎక్కడుందో దాటాకే తెలుస్తుంది

ఇంతవరకూ చెప్పినవి చాలామంది గమనించేవే. నాకు ఆలస్యంగా తట్టిన విషయం వేరే. ఈ నవలలో ముఖ్యమైన ఆచారాలన్నీ ఎవరో ఒకరు, ఎక్కువగా ఒకొంక్వోయే, వాటిని మీరినప్పుడే మనకు పూర్తిగా కనబడతాయి.

నాట్లకు ముందు ఒక వారం శాంతి వారం. భూదేవి 'ఆని' పేరున ఎవరూ ఎవరినీ గట్టిగా మాటనకూడదు. ఆ వారంలో ఒకొంక్వో మూడో పెళ్లాం జడ వేయించుకోవడానికి వెళ్లి వంట వేళకు రాలేదు. అతను కొట్టాడు. ఇది శాంతి వారమని మిగతా భార్యలు మొత్తుకున్నా ఆపలేదు. పొద్దుగూకేలోగా ఆని పూజారి వచ్చాడు. కోలా పెట్టబోతే ముట్టలేదు. ఈ పాటికి కోలా కాదనడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక ఆడమేక, ఒక కోడిపెట్ట, ఒక గుడ్డ, వంద గవ్వలు తప్పు కట్టమన్నాడు. నీ పెళ్లాంది తప్పే అయినా నువ్వు చేసింది ఊరి మొత్తం పంటను నాశనం చేసే పని అని తిట్టాడు. ఒక ఇంటి గొడవకూ ఊరి పంటకూ ఉన్న లంకె అలా మన ముందుకొచ్చింది.

అన్నిటికంటే బరువైనది ఇకెమెఫునా కథ. పొరుగు ఊరివాళ్లు ఉమువోఫియా ఆడకూతుర్ని చంపినందుకు పరిహారంగా అప్పగించిన పిల్లవాడు. మూడేళ్లు ఒకొంక్వో ఇంట్లో పెరిగి, ఆయన్ని నాన్నా అని పిలుస్తాడు. పెద్ద కొడుకు న్వోయేకి అన్నలా ఉంటాడు. మిడతలు తింటూ కూర్చున్న రోజుల్లోనే ఊరి పెద్ద ఎజెయుడు వచ్చి ఒకొంక్వోని పక్కకు పిలుస్తాడు. వాణ్ణి చంపమని దైవవాక్కు వచ్చిందని, కానీ ఆ పిల్లవాడు నిన్ను నాన్న అంటాడు, అందులో నువ్వు చెయ్యి పెట్టొద్దని చెబుతాడు.

అడవి దారిలో ఆ పిల్లవాడు చిన్నప్పటి పాట ఒకటి మనసులో పాడుకుంటూ నడుస్తాడు. పాట కుడికాలి అడుగుతో అయిపోతే అమ్మ బతికున్నట్టు, ఎడమకాలితో అయిపోతే చచ్చిపోయినట్టు. కాదు, చచ్చిపోయినట్టు కాదు, జబ్బు పడ్డట్టు అని దిద్దుకుంటాడు. పాట కుడికాలితో అయిపోతుంది. ఆ పాట ఇగ్బోలోనే ఉంది, పక్కన అర్థమివ్వలేదు. అక్కడ అర్థమిస్తే పాట చచ్చిపోయేదే. మనమూ పిల్లలుగా ఉన్నప్పుడు బండరాళ్ల మీద అడుగులు లెక్కపెట్టి ఇలాంటివి చూసుకున్నవాళ్లమే.

దెబ్బ తగిలి ఆ పిల్లవాడు "నాన్నా, చంపేశారు!" అని ఒకొంక్వో వైపు పరుగెత్తుకొస్తాడు. పిరికివాడనుకుంటారేమోనన్న భయంతో ఒకొంక్వోయే కత్తి దూస్తాడు.

తరవాత అతను స్నేహితుడు ఒబియెరికా దగ్గరకు వెళ్తాడు. నువ్వెందుకు రాలేదని దబాయిస్తే ఒబియెరికా అన్న మాటల సారం ఇది: నా కొడుకును చంపమని దైవవాక్కు వస్తే నేను కాదనను, కానీ ఆ చంపేవాణ్ణి నేను కాను. నువ్వు చేసిన పని భూదేవికి నచ్చదు. దేవుడి ఆజ్ఞ వేరు, దాన్ని అమలుచేసే చెయ్యి ఎవరిదనేది వేరు. ఇంత సన్నటి గీత ఉన్న ధర్మాన్ని 'ఆటవిక ఆచారం' అని ఒక్క మాటతో తీసిపారేయలేం. అలాగని నవల ఆ చావును సమర్థించదు. ఆ రాత్రి న్వోయేలో ఏదో పుటుక్కున తెగిపోతుంది. అది మళ్లీ అతుక్కోదు.

ఒకొంక్వోయే ఇగ్బో సంస్కృతి అనుకుంటే

గైడులు ఎక్కువగా పొరబడేది ఇక్కడ. ఒకొంక్వో కష్టజీవి, మల్లయోధుడు, కోపిష్ఠి. ఏడేళ్లు ఓటమెరుగని 'పిల్లి' అమాలింజెను పద్దెనిమిదేళ్లకే పడగొట్టినవాడు. కాబట్టి అతనే ఆ సంస్కృతికి ప్రతినిధి అని తేల్చేస్తారు. కానీ అతని బతుకంతా తండ్రిలా కాకూడదన్న టెన్షనే. నెమ్మదితనం కనబడితే చాలు, ఆడతనమని ఈసడిస్తాడు. ఊరు అలా లేదు. ఊరు కొలిచేది భూదేవిని. అర్ధరాత్రి పూజారిణి చియెలో వచ్చి అతని ముద్దుల కూతురు ఎజిన్మాను వీపున వేసుకుని గుహకు తీసుకుపోతే, కత్తి పట్టుకుని వెనక నడవడం తప్ప ఆ మొనగాడు ఏమీ చేయలేకపోయాడు. ఇంకోచోట ఒక ముసలి దంపతులు ఒకే రోజు పోతారు. భార్యకు చెప్పకుండా ఆ మనిషి ఏ పనీ చేసేవాడు కాదని ఒబియెరికా గుర్తుచేసుకుంటే ఒకొంక్వో తెల్లబోతాడు: మరి వయసులో ఉండగా గొప్ప యోధుడనేవారే! ఊరికి ఆ రెండూ ఒక మనిషిలో ఇమిడాయి. ఒకొంక్వో బుర్రలో మాత్రం ఇమడలేదు.

ఊళ్లోవాళ్లే తమ ఆచారాలను ప్రశ్నించుకోవడం ఈ నవలలో నాకు బాగా నచ్చే విషయం. ఓజో బిరుదు తీసుకున్నవాడు పొడవాటి కల్లు చెట్టు ఎక్కకూడదు, పొట్టి చెట్టయితే నేలమీద నిలబడి గీసుకోవచ్చు. ఈ రూలు ఎలా వచ్చిందో నాకు తెలీదంటాడు ఒబియెరికా. కుక్క మాంసం తనకు నిషిద్ధమని కోయడానికి కత్తి ఇవ్వను గానీ, కావాలంటే పళ్లతో కొరికిస్తానన్నవాడి కథ చెప్పి వెక్కిరిస్తాడు. ఆ ఒబియెరికా కూతురి ఓలి బేరం మాటల్లేకుండా చీపురుపుల్లలతో జరుగుతుంది. వీళ్లు ముప్ఫై పుల్లలిస్తారు, అవతలివాళ్లు పదిహేను తిప్పి పంపుతారు, అటూ ఇటూ తిరిగి ఇరవై సంచుల గవ్వల దగ్గర తెగుతుంది. అది అయ్యీ కాకముందే పక్క ఊళ్లలో మేకను బేరమాడినట్టు ఆడతారట అని నవ్వుకుంటారు. ఒకచోట మంచిది ఇంకోచోట చెడ్డది అని ఒకాయన సర్దిచెబుతాడు. 'ఇగ్బో సంస్కృతి' అని మనం ఒకే ముద్దగా అనేది లోపల్నుంచి చూస్తే ఊరికొక తీరు, మనిషికొక అభిప్రాయం.

కవలలు పుడితే మట్టికుండల్లో పెట్టి అడవిలో వదిలేస్తారు. దీన్నీ నవల దాచదు. న్వోయే ఆ ఏడుపు విన్నాడు. ఒబియెరికా భార్యకు పుట్టిన కవలలనూ అలాగే వదిలేశారు, వాళ్లేం నేరం చేశారని అతను తనలో తాను అడుగుకుంటాడు. జవాబు దొరకదు. అనుకోకుండా తుపాకీ పేలి ఒక కుర్రాడు చనిపోవడంతో ఒకొంక్వో ఏడేళ్లు తల్లి పుట్టిన ఊరు ఎంబాంటాలో తలదాచుకోవాల్సి వస్తుంది. అక్కడ మేనమామ ఉచెండు, పిల్లలకు 'న్నెకా' అనే పేరు ఎందుకంతగా పెడతామో తెలుసా అని అడిగి తనే చెబుతాడు: తల్లే గొప్పది అని దాని అర్థం, కష్టమొచ్చినప్పుడు బిడ్డ చేరేది తల్లి దగ్గరకేనని. చల్లటి మాట. మూడు అధ్యాయాలు పోయాక అదే ఊళ్లో చర్చిలో చేరిన మొదటి ఆడమనిషి ఎవరు? నిండు గర్భిణి. అంతకుముందు నాలుగు కాన్పుల్లోనూ కవలలు పుట్టి, అందరినీ అడవిలో పారేస్తే చూస్తూ ఊరుకోవాల్సి వచ్చినావిడ. ఆమె పేరు న్నెకా. అచెబె అక్కడ ఒక్క ముక్క వ్యాఖ్యానం చేయడు. ఉచెండు మాట గుర్తున్నవాళ్లకు గుచ్చుకుంటుంది, లేనివాళ్లు దాటిపోతారు. నేను మొదటిసారి దాటిపోయాను.

అర్థం చెప్పని మాటలు

ఇదంతా ఇంగ్లీషులో ఎలా సాధ్యమైంది? అచెబె ఇంగ్లీషును ఇగ్బో వాక్యం నడిచే వేగానికి దించాడు. చిన్న వాక్యాలు, సామెతలు, సభలో "ఉమువోఫియా క్వేను!" అని కేక వేస్తే జనమంతా "యా!" అనడం. కొన్ని మాటలను అలాగే ఉంచేశాడు. 'చి' అనే మాట చూడండి. మనిషి వెంట ఉండే సొంత దైవం అనుకోవచ్చు. మన తలరాతా కాదు, ఇలవేల్పూ కాదు. మొదట్లో, మనిషి గట్టిగా ఔనంటే అతని చి కూడా ఔనంటుందని వింటాం. ప్రవాసంలో ఉన్నప్పుడు ఒకొంక్వోకే అది అబద్ధమనిపిస్తుంది, తాను ఔనన్నా తన చి కాదంటోందని. రెండూ విన్నాకే ఆ మాట మనకు కొంచెం అందుతుంది. నిఘంటువు ఏదో ఒక అర్థమే ఇచ్చి ఊరుకునేది.

పేర్లూ అంతే. ఒకొంక్వో రెండో భార్య, ఎజిన్మా తల్లి ఎక్వెఫికి పదిమంది పుడితే తొమ్మిదిమంది పోయారు. ఒకే పిల్ల చచ్చి మళ్లీ మళ్లీ కడుపున పుట్టి ఏడిపిస్తోందని వాళ్ల నమ్మకం, దాన్ని ఒగ్బాంజె అంటారు. విసిగిపోయిన తల్లి బిడ్డలకు పెట్టిన పేర్లకు అర్థాలు 'మృత్యువా, నిన్ను వేడుకుంటున్నాను' అనీ, 'మళ్లీ ఇలా జరక్కూడదు' అనీ ఉంటాయి. పుట్టినవాళ్లు దక్కకపోతే మనవాళ్లు తరవాతి బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి తీసి పెంటయ్య, పెంటమ్మ అని పెట్టేవారు. ఎక్వెఫి మృత్యువును బతిమాలింది, మనవాళ్లు దాన్ని బోల్తా కొట్టించాలని చూశారు.

పరాయివాళ్లు

నవలలో ఇరవై అయిదు అధ్యాయాలుంటే మొదటి పదమూడింటిలో తెల్లవాడు కాలు పెట్టడు. ఒక్కసారి మాటల్లో వస్తాడు, జోకుగా. సుద్దలా తెల్లగా ఉంటారట, కాళ్లకు వేళ్లుండవట అని ఒకరంటే, అలాంటివాడు మన ఊళ్లోనే తిరుగుతుంటాడుగా, పేరు అమాడి అని ఇంకొకరంటారు. అందరూ నవ్వుతారు. అమాడి కుష్ఠురోగి, ఆ జబ్బుకు వాళ్లు పెట్టుకున్న మర్యాద పేరు 'తెల్లచర్మం'. చరిత్ర పుస్తకాల్లో పెద్ద అధ్యాయం కాబోయే మనిషి ఇక్కడ ఇలా పరిచయమవుతాడు.

ఎంబాంటాకు మిషనరీలు వచ్చినప్పుడూ మనం ఊరివాళ్ల పక్కనే కూర్చుని చూస్తాం. తెల్లవాడి దుబాసీ ఇగ్బోయే గానీ వేరే యాస. 'నేను' అనాల్సిన చోటల్లా 'నా పిర్రలు' అంటాడు. దేవుడి గురించి చెబుతుంటే జనం పగలబడి నవ్వుతారు. మీ రాజెవరని అడుగుతారు వచ్చినవాళ్లు. రాజు లేడు, బిరుదులున్న పెద్దలు, పూజారులు ఉన్నారని జవాబు. రాజు లేకపోవడమంటే ఏమిటో దొరలకు అర్థం కాలేదు. చరిత్రలో బ్రిటిష్‌వాళ్లు రాజుల్లేని ఈ ఊళ్లమీద తామే వారంట్ చీఫ్‌లను నియమించి కూర్చోబెట్టారు. 1929లో ఆడవాళ్లు వేలల్లో తిరగబడేదాకా వెళ్లింది ఆ వ్యవహారం.

ఎగ్వుగ్వుల సంగతి చూస్తే ఈ లోపలితనం ఎంత పనిచేసిందో తెలుస్తుంది. ఊళ్లో తగువులు తీర్చడానికి తొమ్మిదిమంది పితృదేవతలు ముసుగుల్లో వస్తారు. వాళ్లలో రెండో ఆయన నడక అచ్చం ఒకొంక్వో నడకలా ఉందని అతని పెళ్లాలు గమనించే ఉంటారు, గమనించినా మనసులోనే పెట్టుకున్నారంటుంది నవల. ముసుగులో మనిషున్నాడని అందరికీ తెలుసు, దేవతని కూడా అందరికీ తెలుసు. చాలా అధ్యాయాల తరవాత చర్చిలో చేరిన ఈనక్ అనే కుర్రాడు నలుగురిలో ఒక ఎగ్వుగ్వు ముసుగు లాగేస్తాడు. బయటినుంచి చూస్తే ఒక ముసుగు, ఒక తుంటరి. అప్పటికి మనకు మాత్రం ఒక తాతను నడివీధిలో చంపినట్టుంటుంది.

చివరి అధ్యాయంలో జిల్లా కమిషనర్ సిపాయిలతో ఒకొంక్వో ఇంటికి వస్తాడు, కోర్టు జవానును నరికినందుకు పట్టుకోవడానికి. ఒబియెరికా వాళ్లను ఇంటి వెనక్కు తీసుకెళ్తాడు. చెట్టుకు ఒకొంక్వో శవం వేలాడుతోంది. మీవాళ్లు దించడానికి సాయం చేస్తారా అని అడుగుతాడు ఒబియెరికా. మీరే ఎందుకు దించకూడదంటాడు కమిషనర్. అంతవరకూ అధికారిగా ఉన్నవాడు చటుక్కున ఆచారాలు సేకరించే పండితుడైపోయాడు. తాను రాయబోయే పుస్తకంలో ఈ మనిషికి ఒక అధ్యాయం, అంత కాకపోతే ఒక పేరా ఇవ్వొచ్చని వెనక్కు పోతూ లెక్కలు వేసుకుంటాడు కూడా.

అతని ప్రశ్నకు ఊరివాడొకడు ఓపిగ్గా జవాబు చెబుతాడు. ప్రాణం తీసుకోవడం భూదేవికి చేసిన అపచారం. అలా పోయినవాణ్ణి సొంతవాళ్లు ముట్టుకోకూడదు, పూడ్చకూడదు. పరాయివాళ్లే ముట్టుకోవాలి. మిమ్మల్ని అడుగుతున్నది అందుకే, మీరు పరాయివాళ్లు గనక.

ఆ జవాబు కమిషనర్ కోసం. చెట్టుకు శవం కనబడగానే ఇంకెవరూ దాన్ని ముట్టుకోరని మనకు తెలిసిపోయింది.